చిన్న కంపెనీ బండిని ఎంతవరకు నమ్మవచ్చు?

2022 నవంబరులో మోటో మోరీని ఎక్స్‌-కేప్ 650 అనే మోటారుసైకిల్ మన దేశంలో అమ్మకానికి వచ్చింది. 649 సీసీల రెండు సిలిండర్ల ఇంజను, దాదాపు 60 హార్స్‌పవర్, ముందు 19 అంగుళాల చక్రం, 18 లీటర్ల ట్యాంకు. తారురోడ్డు మీద రోజంతా పరుగెత్తి, సాయంత్రానికి కంకర దారి ఎదురైనా వెనక్కి తిరగనక్కర్లేని మధ్యరకం అడ్వెంచర్ బండి ఇది. దీన్ని ఇక్కడ అమ్ముతున్న ఆదీశ్వర్ ఆటో రైడ్ ఇండియా మన హైదరాబాద్ సంస్థే. పేరు మాత్రం ఇటలీది. 1937లో అల్ఫోన్సో మోరీని బొలోన్యా నగరంలో పెట్టిన కంపెనీ అది. 1970లలో ఫ్రాంకో లాంబెర్తీని రూపొందించిన 72 డిగ్రీల వి-ట్విన్ ఇంజను దానికి పేరు తెచ్చింది. 1980లలో ఆ ఇంజను కుటుంబంతోనే కామెల్, కాంగూరో అనే మట్టిదారి బండ్లు చేసింది. తర్వాత 1987లో కజీవా కొనుక్కుంది, 2010లో లిక్విడేషన్ దాకా వెళ్లింది, 2018లో చైనాకు చెందిన జోంగ్‌నెంగ్ చేతికి వచ్చింది.

ఇలాంటి బండిని చూసినవాళ్లందరికీ వచ్చే సందేహం ఒకటే: బాగుంది, కానీ నమ్మవచ్చా? హోండా అయితే ఈ ప్రశ్న ఎవరూ అడగరు. పక్కింటివాళ్లకు, మేనమామకు, ఆఫీసులో ముగ్గురికి ఉన్న బండి అది. ఊళ్లో ఒక్కటే ఉన్న బండి గురించి ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నకు అభిప్రాయాలతో కాక లెక్కతో, భౌతికశాస్త్రంతో జవాబు వెతకవచ్చు. ఆ పద్ధతి ఒకసారి పట్టుబడితే ఎక్స్‌-కేప్‌కే కాదు, ఏ చిన్న కంపెనీ బండికైనా పనికొస్తుంది.

ముందుగా ప్రశ్నను సరిచేసుకోవాలి. 1950లలో అమెరికా సైన్యపు ఎలక్ట్రానిక్ పరికరాలు తరచూ చెడిపోతుంటే అక్కడి రక్షణ శాఖ ఒక సలహా బృందాన్ని వేసింది. 1957లో వచ్చిన దాని నివేదిక విశ్వసనీయతను ఒక సంభావ్యతగా చూసింది: చెప్పిన పరిస్థితుల్లో, చెప్పినంత కాలం, చెప్పిన పని చేసే అవకాశం ఎంత? అంటే "ఈ బండి నమ్మకమైనదేనా?" అన్న ప్రశ్న సగమే. "ఇద్దరం ఎక్కి, రెండు పెట్టెల సామానుతో, మే నెలలో, 40,000 కిలోమీటర్ల దాకా" అన్నప్పుడే అది పూర్తవుతుంది.

ముప్పై బండ్ల సాక్ష్యం

కొనబోయే బండి గురించి ముప్పైమంది యజమానులతో మాట్లాడామనుకుందాం. ఒక్కరికీ ఇంజను పెద్ద మరమ్మతుకు రాలేదు. మనసుకు ధైర్యం వస్తుంది. లెక్క మాత్రం అంత ధైర్యం ఇవ్వదు.

గణాంకశాస్త్రంలో మూడు సూత్రం అని ఒకటుంది. n బండ్లను చూసినప్పుడు ఒక్కటీ చెడకపోతే, అసలు చెడే రేటు 3/n కి మించదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. కారణం సులభం. ప్రతి పది బండ్లలో ఒకటి చెడే రకమే అయినా, ఏ పక్షపాతం లేకుండా ఎంచిన 30 బండ్లలో ఒక్కటీ చెడకుండా ఉండే అవకాశం 0.9ని ముప్పైసార్లు గుణిస్తే వస్తుంది: సుమారు 4 శాతం. తక్కువే, కానీ అసాధ్యం కాదు. కాబట్టి 30 బండ్ల మచ్చలేని రికార్డు "నూటికి పదికి మించి చెడవు" అని మాత్రమే చెబుతుంది. "నూటికి ఒకటికి మించి చెడవు" అనాలంటే 300 బండ్లు కావాలి. వెయ్యికి ఒకటి అనాలంటే 3,000.

అందుకే చిన్న కంపెనీ బండి గురించి మనకున్న అనుమానం దాని నాణ్యత మీద తీర్పు కాదు. అది మన దగ్గరున్న సమాచారం ఎంత తక్కువో చెప్పే కొలత. బండి చక్కగానే ఉండవచ్చు. దాన్ని రుజువు చేసేన్ని బండ్లు రోడ్డు మీద లేవు. పైగా ఆ 30 బండ్లూ 5,000 కిలోమీటర్లే తిరిగి ఉంటే, 40,000 దగ్గర ఏం జరుగుతుందో అవి చెప్పలేవు. యజమానులను "ఎలా ఉంది?" అని అడిగేకంటే "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఏమేం మార్చారు?" అని అడగడం మేలు.

ఒక బండి, అనేక చరిత్రలు

ఇక్కడ ఆగిపోతే చిన్న కంపెనీ బండి ఎవరూ కొనకూడదని తేలుతుంది. అయితే బండిని ఒకే ముద్దగా చూడటం పొరపాటు. జర్మనీలో, తర్వాత అమెరికాలో క్షిపణుల మీద పనిచేసిన ఇంజనీరు రాబర్ట్ లుస్సర్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ఈ విషయాన్నే పట్టించుకుంటుంది. ఏ ఒక్క భాగం చెడినా ఆగిపోయే యంత్రంలో, మొత్తం విశ్వసనీయత అన్ని భాగాల విశ్వసనీయతల గుణకారం. ఒక్కొక్కటి 99 శాతం నమ్మకమైన భాగాలు వంద కలిస్తే, మొత్తం యంత్రం చెడకుండా పనిచేసే అవకాశం 37 శాతమే. అదే ఒక్కో భాగం 99.9 శాతం అయితే 90 శాతం.

ఈ గుణకారం మొదట భయపెట్టినా, దారి కూడా అదే చూపిస్తుంది. బండి విశ్వసనీయత భాగాల్లో ఉంటే, చరిత్ర కూడా భాగాలవారీగానే వెతకాలి. ఎక్స్‌-కేప్‌లో ముందు ఫోర్కు మార్జోకీది, వెనక షాక్‌అబ్జార్బర్ కేవైబీది, బ్రేకులు బ్రెంబోవి, ఏబీఎస్ బాష్‌ది. ఈ కంపెనీల భాగాలు ఎన్నో బ్రాండ్ల కింద ప్రపంచమంతా తిరుగుతున్నాయి. ఇంజను చైనాకు చెందిన సీఎఫ్‌మోటోది; ఆ 650 కుటుంబం 2010ల ఆరంభం నుంచి ఆ కంపెనీ సొంత బండ్లలో నడుస్తోంది. అంటే బండికి కొద్ది ఏళ్ల చరిత్రే ఉన్నా, గుండెకాయకు పదేళ్లు దాటిన చరిత్ర ఉంది. మూడు సూత్రంలోని n ఇక్కడ ఒక్కసారిగా పెరుగుతుంది.

జాగ్రత్త కూడా అవసరమే. ఈ ఇంజను బోరు 83 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 60 మిల్లీమీటర్లు. కవాసకీ ఈఆర్‌-6 ఇంజను కొలతలూ అవే. దాన్ని చూసి "అయితే కవాసకీ అంత గట్టిదే" అనేవాళ్లున్నారు. కొలతలు కలిస్తే మన్నిక కలిసినట్టు కాదు. లోహపు నాణ్యత, గట్టిపరచిన తీరు, బేరింగు ఖాళీలు, ఆయిల్ పంపు తయారీ అన్నీ కలిసి మన్నికను నిర్ణయిస్తాయి. అరువు తెచ్చుకోదగిన చరిత్ర ఆ కర్మాగారం నుంచి వచ్చిన ఆ ఇంజనుదే, దానిలా కనిపించే ఇంకోదానిది కాదు.

యూరప్‌లోని మరో రెండు చిన్న కంపెనీలను పక్కపక్కన పెడితే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. బ్రిటన్‌లోని బోల్టన్‌లో 1971లో అలన్ క్లూస్ స్థాపించిన సీసీఎం, 2010ల మధ్యలో జీపీ450 అనే తేలికైన అడ్వెంచర్ బండి తెచ్చింది. అల్యూమినియం ముక్కలను జిగురుతో అతికించి చేసిన ఫ్రేము, సుమారు 125 కిలోల పొడి బరువు. ఇంజనీరింగ్ పరంగా అపురూపమైన పని. కాని ఇంజను బీఎండబ్ల్యూ జీ450ఎక్స్ నుంచి వచ్చింది. ఆ బండి తయారీని బీఎండబ్ల్యూ అప్పటికే ఆపేసింది. తల్లిబండి లేని ఇంజనుకు అనుభవమూ, విడిభాగాలూ కాలం గడిచేకొద్దీ పెరగవు, తరుగుతాయి.

పోర్చుగల్‌కు చెందిన ఏజేపీ, తన పీఆర్7 బండికి ఎస్‌డబ్ల్యూఎం వారి 600 సీసీ ఇంజను తీసుకుంది. అది హస్క్‌వర్నా టీఈ630 వంశం. 2013లో బీఎండబ్ల్యూ హస్క్‌వర్నాను అమ్మేశాక, ఇటలీలోని ఆ కర్మాగారాన్ని చైనాకు చెందిన షినెరే తీసుకుని, ఎస్‌డబ్ల్యూఎం పేరును మళ్లీ నిలబెట్టింది. రెండు చిన్న కంపెనీలు ఒకే ఇంజనును వాడుతుంటే ఒకరికి తెలిసిన లోపం ఇంకొకరికి ఉపయోగపడుతుంది, గాస్కెట్‌కు గిరాకీ రెట్టింపవుతుంది. ఇంజను సొంతదా, అరువుదా అన్నది కాదు, అది ఇంకా ఎక్కడ తయారవుతోంది, ఇంకా ఎవరు వాడుతున్నారు అన్నదే అడగవలసిన ప్రశ్న.

సొంత చేతిపని ఎక్కడుంది?

పెద్ద కంపెనీల భాగాలను తీసేస్తే చిన్న కంపెనీ సొంతంగా చేసినవి కొన్నే మిగులుతాయి: ఫ్రేము, సీటు కింది సబ్‌ఫ్రేము, వైరింగు, ట్యాంకు, రేడియేటరు బిగింపులు, ఎయిర్ ఫిల్టర్ పెట్టె. చరిత్ర లేనివి ఇవే. షోరూములో మన కళ్లు ఉండాల్సింది టీఎఫ్‌టీ తెర మీద కాదు, వీటి మీద.

సబ్‌ఫ్రేముతో మొదలుపెడదాం. 19వ శతాబ్దంలో రైలు ఇరుసులు, మోయగలిగిన బరువు కిందే, ఏళ్ల తరబడి తిరిగాక ఉన్నట్టుండి విరిగేవి. ప్రష్యాలో రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 1850ల చివరి నుంచి 1870 దాకా ఓపికగా పరీక్షలు చేసి కారణం తేల్చాడు. లోహం ఒక్క పెద్ద దెబ్బకే కాదు, లక్షల చిన్న వంపులకూ విరుగుతుంది. దీన్నే లోహపు అలసట అంటాం. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది. ఒత్తిడి దాని కిందే ఉంటే దాదాపు ఎంతకాలమైనా మన్నుతుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు.

వెల్డింగు అతుకుల దగ్గర పరిస్థితి ఇంకా కఠినం. అక్కడ ఆయుష్షు ఒత్తిడి ఘనానికి విలోమంగా తగ్గుతుందని డిజైన్ ప్రమాణాలు లెక్కిస్తాయి. ఒత్తిడి 26 శాతం పెరిగితే ఆయుష్షు సగం, రెట్టింపైతే ఎనిమిదో వంతు. వెనక ఇరుసు దాటి బయటికి వేలాడే టాప్‌బాక్సులో పది కిలోలు అదనంగా వేసి, గతుకుల దారిలో తోలితే ఏం జరుగుతుందో ఈ ఒక్క సూత్రం చెబుతుంది. అందుకే కొనేముందు మూడు విషయాలు చూడాలి. సబ్‌ఫ్రేము బోల్టులతో బిగించినదా, మెయిన్ ఫ్రేముకే వెల్డు చేసినదా? బోల్టులదైతే మొత్తం మార్చుకోవచ్చు. ఉక్కుదా, అల్యూమినియందా? ఉక్కయితే దారిలో ఏ చిన్న ఊళ్లోనైనా వెల్డింగు షాపువాడు అతకగలడు. కంపెనీ చెప్పిన సామాను బరువు ఎంత? ఆ అంకెను సలహాగా కాదు, హద్దుగా తీసుకోవాలి.

వైరింగు కథ వేరు. ఇక్కడ శత్రువు కంపనం. కనెక్టరు లోపల రెండు లోహపు ముక్కలు కంటికి కనిపించనంత సూక్ష్మంగా రాసుకుంటూ ఉంటే పైపూత పోతుంది, అరిగిన పొడి ఆక్సైడుగా మారి కరెంటును అడ్డుకుంటుంది. వానాకాలం దీనికి తోడైతే ఒక సెన్సరు తప్పు చెబుతుంది, బండి ఆగుతుంది, అరగంట తర్వాత ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. మెకానిక్‌లను అన్నిటికంటే ఎక్కువ విసిగించే రోగం ఇదే. రబ్బరు సీళ్లున్న కనెక్టర్లు, హ్యాండిల్ తిప్పినప్పుడు లాగబడని వైర్లు, గాలి తగిలేచోట పెట్టిన రెగ్యులేటరు ఉన్నాయంటే, ఆ కంపెనీ బండిని వర్షంలో, దుమ్ములో తిప్పి చూసిందనడానికి మంచి గుర్తులు.

ఎండ, ఎత్తు, దుమ్ము

విశ్వసనీయతలో మన వాడకం వాటా కూడా ఉంది. పిస్టన్, కనెక్టింగ్ రాడ్ మీద పడే జడత్వ బలం ఇంజను వేగపు వర్గంతో పెరుగుతుంది. 4,500 ఆర్‌పీఎం బదులు 6,000 దగ్గర తోలితే ఆ బలం 1.78 రెట్లు. ఎక్స్‌-కేప్ గరిష్ఠ శక్తి 8,250 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. అప్పుడు పిస్టన్ సగటు వేగం సెకనుకు 16.5 మీటర్లు. యమహా టెనెరే 700లో 9,000 ఆర్‌పీఎం దగ్గర ఇదే లెక్క 20 మీటర్లు దాటుతుంది. రెండూ రోజువారీ బండ్లకు తగిన పరిధిలోవే. అయినా మోరీని ఇంజను అంత బిగించి పిండినది కాదని ఈ అంకె చెబుతుంది. ఇంజనుకు మిగులు బలం ఉందా లేదా అన్నది తెలుసుకోవడానికి బ్రోషరులోని హార్స్‌పవర్ కంటే ఇది మంచి సూచిక.

వేడి మన ప్రాంతపు ప్రశ్న. రేడియేటరు వదిలే వేడి, లోపలి నీటికీ బయటి గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. నీరు సుమారు 100 డిగ్రీలనుకుంటే, 20 డిగ్రీల ఇటలీ వాతావరణంలో తేడా 80. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీలున్నప్పుడు తేడా 55. అదే రేడియేటరు అదే గాలి వేగానికి 31 శాతం తక్కువ వేడిని వదులుతుంది. యూరప్ యజమాని ఇచ్చే కితాబు మన వేసవికి పూర్తిగా వర్తించదు. మన ఎండల్లో రెండు వేసవులు గడిపిన బండి యజమాని మాటకే ఎక్కువ విలువ.

లద్దాఖ్ వెళ్లేవారికి ఎత్తు ఇంకో పరీక్ష. 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి సగం చిల్లర. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి పీడనాన్ని కొలిచి పెట్రోలు తగ్గించుకుంటుంది కాబట్టి పొగ కక్కదు. శక్తి మాత్రం తగ్గి తీరుతుంది. ఇక దుమ్ము. ఇసుకలోని క్వార్ట్‌జ్ గట్టిదనం మోస్ కొలమానం మీద 7. పిస్టన్ అల్యూమినియం దానికి ఏమాత్రం తట్టుకోలేదు. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత సరిగ్గా కూర్చోని బండికి ఎంత మంచి ఇంజను ఉన్నా లాభం లేదు. ఫిల్టరును తీయడానికి ఎన్ని స్క్రూలు విప్పాలో షోరూములోనే అడగండి. తీయడం కష్టమైతే శుభ్రం చేయడం వాయిదా పడుతుంది, ఇంజను అరుగుతుంది.

మొదటి విడత, మూడో విడత

యంత్రాలు చెడే రేటును కాలంతో గీస్తే తరచూ నీళ్ల తొట్టి ఆకారం వస్తుంది: మొదట ఎక్కువ, మధ్యలో తక్కువ, చివర మళ్లీ ఎక్కువ. స్వీడన్ ఇంజనీరు వాలోడి వైబుల్ 1951లో ప్రచురించిన గణిత సూత్రం ఈ మూడు దశలనూ ఒకే అంకెతో వేరు చేస్తుంది. అది 1 కంటే తక్కువైతే తయారీ లోపాలు, 1 అయితే యాదృచ్ఛికం, 1 కంటే ఎక్కువైతే అరుగుదల.

కొత్త మోడల్ మొదటి విడత ఎప్పుడూ తొట్టి ఎడమ గోడ మీద ఉంటుంది. పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లో వచ్చినప్పుడు మొదటి బండ్ల మీద చాలా ఫిర్యాదులొచ్చాయి. తర్వాతి విడతల్లో కంపెనీ ఒక్కొక్కటీ సరిదిద్దుతూ వచ్చింది. అంత పెద్ద కంపెనీకే కొన్నేళ్లు పడితే, చిన్న కంపెనీకి ఇంకాస్త ఓపిక ఇవ్వాలి. రెండో మూడో ఏడాది తయారైన బండి కొనడం, ఏ మార్పులు చేశారో డీలరును అడగడం, కొన్నాక మొదటి 5,000 కిలోమీటర్లు ఊరికి దగ్గరగానే తిప్పడం తెలివైన పని. తయారీ లోపం ఉంటే వారంటీ ఉన్నప్పుడే బయటపడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆ బండికి తెలిసిన లోపం ఏమిటో తెలుసుకోవడం. 1987లో మొదలైన కవాసకీ కేఎల్‌ఆర్650లో బ్యాలెన్సర్ చైనును బిగించే చిన్న మీట విరిగేది. అయినా వేలమంది ఆ బండితో ఖండాలు దాటారు. ఎందుకంటే ఆ లోపం అందరికీ తెలుసు, గట్టి ఉక్కుతో చేసిన ప్రత్యామ్నాయ మీట దొరికేది, ఎప్పుడు మార్చాలో తెలుసు. తెలియని దేవుడికంటే తెలిసిన దయ్యం మేలంటారు. "ఏ లోపమూ లేదు" అనే డీలరు కంటే "ఇదిగో, ఈ సీలు ఇరవై వేలకు మార్చాలి" అనే డీలరు నమ్మదగినవాడు.

ఆగితే ఎన్నాళ్లు ఆగుతుంది?

ఇంతవరకు చెడటం గురించి మాట్లాడుకున్నాం. వాడుకునేవాడికి అంతే ముఖ్యమైనది, చెడ్డాక బాగవడానికి పట్టే సమయం. ఇంజనీర్లు రెంటినీ కలిపి లభ్యత లెక్కిస్తారు: చెడకుండా నడిచే సగటు కాలాన్ని, ఆ కాలానికి మరమ్మతు కాలాన్ని కలిపిన మొత్తంతో భాగించాలి. ఒక బండి 365 రోజులకోసారి చెడి 3 రోజుల్లో బాగవుతుందనుకుందాం; లభ్యత 99.2 శాతం. ఇంకోటి 730 రోజులకోసారి మాత్రమే చెడుతుంది, కాని విడిభాగం ఓడలో రావడానికి 60 రోజులు పడుతుంది, లభ్యత 92.4 శాతం. రెండింతలు గట్టిదైన బండి చేతిలో లేని రోజులే ఎక్కువ.

చిన్న కంపెనీ బండికి అసలు బలహీనత ఇక్కడ ఉంటుంది, ఇంజనులో కాదు. దీనికి మన దేశంలోనే ఉదాహరణ ఉంది. బెనెల్లీ బండ్లను మొదట పుణేకు చెందిన డీఎస్‌కే మోటోవీల్స్ అమ్మేది. ఆ సంస్థ కుదేలయ్యాక యజమానులు సర్వీసు, విడిభాగాల కోసం ఇబ్బంది పడ్డారు. 2018లో హైదరాబాద్‌కు చెందిన ఆదీశ్వర్ ఆ బాధ్యత తీసుకుంది. బండ్లు అవే, ఇంజన్లు అవే. మధ్యలో ఉన్న పంపిణీదారు మారడమే వాటి లభ్యతను ముందు పడగొట్టింది, తర్వాత లేపింది. పెద్ద పేరు కూడా దీనికి పూర్తి రక్ష కాదు: 2024 నవంబరులో ఆస్ట్రియాలో కేటీఎం దివాలా ప్రక్రియలోకి వెళ్లి, బజాజ్ ఆటో సమకూర్చిన డబ్బుతో నిలదొక్కుకుంది.

కాబట్టి టెస్ట్ రైడ్‌కు ముందే సర్వీసు కౌంటరు దగ్గరికి వెళ్లండి. క్లచ్ ప్లేట్లు, బ్రేకు మీట, రేడియేటరు, ఫ్యూయల్ పంపు, ఫోర్కు సీళ్లు: ఈ ఐదింటిలో ఏవి ఇప్పుడు స్టాకులో ఉన్నాయి, లేనివి ఎన్ని రోజుల్లో వస్తాయి అని అడగండి. మీట, రేడియేటరు బండి పడితే ముందుగా పోయేవి; మిగతావి అరిగేవి. ఆ జవాబులే ఆ బండి అసలు స్పెసిఫికేషన్.

ఇప్పుడు ఎక్స్‌-కేప్ మీద తీర్పు చెప్పవచ్చు. అనుభవం పండిన ఇంజను, పేరున్న సరఫరాదారుల భాగాలు, మితమైన యాంత్రిక ఒత్తిడి దాని పక్షాన ఉన్నాయి. ఫ్రేము, వైరింగు లాంటి సొంత పనికి మన దేశంలో సాక్ష్యం ఇంకా పలచన. విడిభాగాల దారి ఒక్క పంపిణీదారు మీదుగానే పోతుంది. హైదరాబాద్‌లో ఉంటూ, సర్వీసు కేంద్రం గంట దూరంలో ఉండి, ఇంట్లో రోజువారీ పనికి ఇంకో బండి ఉన్నవారు దాన్ని నిశ్చింతగా కొనవచ్చు. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉంటూ, ఆ ఒక్క బండి మీదే ఆధారపడి, ఏటా హిమాలయాలకు వెళ్లాలనుకునేవారు, శక్తి తక్కువైనా సరే, దారి పొడవునా మెకానిక్‌లు ఎరిగిన బండిని ఎంచుకోవాలి. ఈ రెండు జవాబుల్లో ఏదీ మోరీని గొప్పదనం మీదో, తక్కువతనం మీదో తీర్పు కాదు. విశ్వసనీయత బండికి, దారికి, విడిభాగం ఉన్న అల్మారాకి మధ్య ఉండే దూరాన్ని బట్టి మారుతుంది. ఆ దూరాన్ని కొనేముందు కొలుచుకున్నవారికి చిన్న కంపెనీ బండి జూదం కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం.